ఎర్ర పెన్సిలు మిగిల్చిన మాట

శివకాశి,
1983 ఏప్రిల్ 19

సెల్లక్కనీ తల్లీ,

నీ వెయిలుముత్తు మామయ్య బతికే ఉన్నాడు. ఇక్కడి ఎండకు కప్పలు కూడా గొడుగు అడుగుతున్నాయి గానీ నాకేమీ కాలేదు. ముందు ఈ ముక్క రాసేస్తే మిగతాది నువ్వు నింపాదిగా చదువుకుంటావని మొదట ఇదే రాశాను.

మీకందరికీ ఇప్పుడే చిత్తిరై కొత్త సంవత్సరం వచ్చింది. మా ప్రెస్సులో వచ్చే ఏడాది దీపావళి కూడా వెళ్లిపోయింది. ఆడి నెలలో ఆడి పెరుక్కు పండగ నాటికి కొత్త క్యాలెండర్ల నమూనాల ఆల్బం పూజలో పెట్టాలి కదా. రోజుకో కాగితం, కాగితం అడుగున ఓ మంచి మాట. ఆ మంచి మాటలు ఏరి తేవడం నా పని. ఐదో తరగతి తప్పినవాడికి లోకానికి బుద్ధి చెప్పే ఉద్యోగం ఇచ్చిన ఊరు ఇదొక్కటే.

ఎక్కడ ఏరతానంటావా? బస్టాండులో, సంతలో, పెళ్లి పందిట్లో. సాత్తూరు బస్టాండులో వేరుశెనగకాయలమ్మే ముసలాయన ఉండేవాడు. "ఎదురుచూసేవాడికే బస్సు వస్తుంది బాబూ, కూర్చోండి" అనేవాడు. ఆ రోజు బస్సు చెడిపోయి షెడ్డులో ఉంది, ఆ సంగతి ఆయనకి పొద్దున్నే తెలుసు. జనం లేచిపోతే కాయలెవరు కొంటారు? నేను సరదాకి రాసుకొచ్చాను, ప్రెస్సువాళ్లు వేసేశారు. ఇప్పుడది ఓర్పు మీద గొప్ప సూక్తి. కోవిల్‌పట్టిలో ఓ బడి గోడ మీద చూశాను, కింద ఎవరో మహర్షి పేరు కూడా పెట్టారు. వెళ్లి ముసలాయనకి చెప్పాను. "ఆ మహర్షిని నా దగ్గరే కాయలు కొనమను" అన్నాడు.

అయినా నేను తెచ్చిన మాట తెచ్చినట్టు అచ్చవదులే. మా ఫోర్మన్ గోమతినాయగం అన్న దగ్గర ఓ ఎర్ర పెన్సిలుంది. "పొద్దున్నే కొట్టు తెరిచి, సామికి దణ్ణం పెట్టి, నిన్నటి కాగితం చింపేవాడి కంట్లో మొదట పడేది మన మాటే వెయిలుముత్తూ! అందులో 'పోయింది, పడింది, లేదు' అని ఉంటే ఆ రోజు వాడి బేరం ఏంగాను?" అంటాడు. అశుభం కనపడితే గీత గీసేస్తాడు. "పడకుండా ఎవడూ నడక నేర్చుకోడు" అని ఇస్తే, గీతలన్నీ అయ్యాక "నడక నేర్చుకో" అని మిగిలింది. పారాడే పిల్లలకి పనికొస్తుందనుకో, కానీ వాళ్లకి చదువు రాదు.

అన్నట్టు మా అమ్మ, అదే మీ ఆచ్చి, అన్న మాట ఎంత దూరం పోయిందో చూశావా! "ఓర్చుకున్నదాని ఇల్లు నిలబడుతుంది." మా ప్రెస్సు వేసింది, పక్క ప్రెస్సు చూసి వేసింది, ఇప్పుడు ప్రతి ఏడాదీ అందరి క్యాలెండర్లలోనూ ఏదో ఒక శుక్రవారం కనపడుతోంది. శుభలేఖల మీద, లారీల వెనక ఉంది. విరుదునగర్లో ఇటుకల బట్టీవాడు తన బోర్డు మీద రాయించుకున్నాడు. ఇల్లు నిలబడ్డం ఇటుకల గొప్పని వాడి ఉద్దేశం. మీ ఆచ్చి పేరు మా ప్రెస్సులోనే రాలిపోయి, "పెద్దల మాట" అయి కూర్చుంది. మా అమ్మ ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖం చూసి ఉంటే ఎవరూ క్యాలెండర్లో వేసేవాళ్లు కాదు. ఆ కథ పెద్దది, ఇంకోసారి.

నా ఎడమ కంటికి పొర కమ్మింది. మదురై వెళ్లి కోయించుకోవాలి. ఈ ఉత్తరంలో వరసలు కొండెక్కి దిగుతున్నాయంటే నేను తాగానని అనుకోకు.

లింగదురై అల్లుడికీ, మీ అత్తగారికీ నా దణ్ణాలు.

మామయ్య

~

ఉడన్‌కుడి,
1983 మే 3

మామయ్యకి సెల్లక్కని నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి చాలాసేపు నవ్వుకున్నాను. నవ్వడానికి తీరిక దొరికిన మధ్యాహ్నం అదొక్కటే. తాటినీరు పొంగిపోతున్న కాలం. ఎక్కేవాళ్లు తెల్లారకముందే చెట్లు దిగుతారు, కుండలు రాగానే పొయ్యి రాజేయాలి. నీరు ఆగదు కదా, ఆలస్యమైతే పులుస్తుంది, పులిస్తే బెల్లం కట్టదు. అందుకని మా ఇంట్లో ఎవరు ఆగినా ఆగాలి గానీ పొయ్యి ఆగకూడదు. పెద్ద తోడికోడలు పురిటికి వెళ్లింది. పెనం దగ్గర నేనూ, అత్తా. ఆవిడ కలుపుతుంటే నేను మట్టలు ఎగదోస్తాను, నేను కలుపుతుంటే ఆవిడ.

ఆచ్చి మాట సంగతి చెప్పారు. మా ఇంట్లోకి ఎప్పుడో వచ్చేసింది. పోయినేడాది ఆడి శుక్రవారం కాగితం అత్త గంజి పెట్టి పొయ్యి పైన గోడకి అతికించింది. ఆవిడకి చదువు రాదు. నా మరిది తంగదురై చదివి వినిపిస్తే, "ఇదే ఇదే, దీన్ని పారెయ్యకండి" అందట. అది మా ఆచ్చి మాటని నేను చెప్పిన రోజు నుంచీ బెల్లం కొనడానికి వచ్చిన ప్రతివాళ్లకీ చూపిస్తోంది. "మా కోడలి వాళ్ల ఆచ్చి చెప్పింది. ఆ రక్తం మా ఇంటికొచ్చింది" అని. అలా అన్నాక ఇక నేను కూర్చుని కాళ్లు నొక్కుకోగలనా?

ఒంట్లో అంత బాగుండడం లేదు మామయ్యా. నిలబడితే తల తిరుగుతోంది. తిండి సయించదు. ఆడవాళ్ల సంగతి, ఉత్తరంలో ఏం రాస్తాను! కాలం అయ్యేదాకా ఓర్చుకుంటే సరి. ఆచ్చి ఇంతకంటే ఎంత ఓర్చుకుందో!

మా లారీ విరుదునగర్ వస్తోంది. ఓ చిప్పెడు కొత్త బెల్లం పంపుతున్నాను. కంటి ఆపరేషన్ వాయిదా వెయ్యకండి. మీరు వాయిదా వేసే మనిషని నాకు తెలుసు.

సెల్లక్కని

~

శివకాశి,
1983 మే 12

నా బంగారు తల్లీ!

రాయలేనన్నావు. రాయకపోతే నాకు తెలీదా? తల తిరగడం, తిండి సయించకపోవడం, ఆడవాళ్ల సంగతి! నీ బెల్లం చిప్ప పగలగొట్టి ప్రెస్సంతా పంచాను. గోమతినాయగం అన్న కూడా ఓ ముక్క నోట్లో వేసుకుని, "ఇందులో కొట్టెయ్యడానికేమీ లేదు" అన్నాడు. ఆయన ఒకర్ని మెచ్చుకోవడం నేను చూడ్డం అదే మొదలు.

పెళ్లయి ఇన్నాళ్లకి సెందూర్ మురుగన్ కళ్లు తెరిచాడు. మగపిల్లాడైతే పేరు మీ మామగారి వైపువాళ్లు పెట్టుకోనీ, పోట్లాడకు. ఆడపిల్లయితే మాత్రం ముత్తక్కాళ్. మీ ఆచ్చి పేరు. పాతకాలం పేరని మూతి ముడవకు. మా పక్కింటి పంతులమ్మ తన కూతురికి ఏదో సినిమా పేరు పెట్టింది. ఆ సినిమా వారానికే ఎత్తేశారు, పిల్ల మాత్రం ఆ పేరుతో జీవితమంతా ఆడాలి.

ఈ నెలలు ఓర్చుకో. మీ ఆచ్చి మాట ఊరికే పోదు. మామిడి ఒరుగులు పంపుతున్నాను, నోటికి పుల్లగా ఉంటాయి. మీ అత్తగారికి నా తరఫున శుభాకాంక్షలు చెప్పు. ఆవిడ ఎంత పొంగిపోయి ఉంటుందో!

ఆనందంతో అక్షరాలు తప్పుతున్న
మామయ్య

~

ఉడన్‌కుడి,
1983 మే 27

మామయ్యా,

మా ఇంట్లో ఉత్తరం ఎవరి పేరుకొచ్చినా సరే, వాకిట్లో అందరి మధ్యా తంగదురై చదువుతాడు. రేడియోలో వార్తలు చదివేవాడిలా గొంతు సవరించుకుని మరీ చదువుతాడు. ఈ సంగతి మీకు ముందే చెప్పాల్సింది. నా తప్పే.

మీ "నా బంగారు తల్లీ" దగ్గర అందరూ నవ్వారు. "మురుగన్ కళ్లు తెరిచాడు" దగ్గర తాటిచెట్టెక్కే అన్నలు చప్పట్లు కొట్టారు. అత్త గరిటె వదిలేసి వచ్చి నా నోట్లో బెల్లం పెట్టింది. ఆయన ముఖం అంత వెలగడం నేనెప్పుడూ చూడలేదు. అప్పుడు అందరి ముందూ నేను "కాదు" అని చెప్పాల్సి వచ్చింది. "కాదంటే?" అంది అత్త. "మామయ్య పొరబడ్డాడు" అన్నాను. అత్త మళ్లీ గరిటె పట్టుకుంది. అన్నలు కుండలెత్తుకుని వెళ్లిపోయారు. అదే ఎక్కువ నొప్పెట్టింది.

మీ మీద కోపం లేదు. మీకు కాకపోతే ఎవరికి చెప్పుకుంటాను, అమ్మ ఉంటే ఆమెకే చెప్పుకునేదాన్ని. సిగ్గు విడిచి రాస్తున్నాను. నాకు ఆగడం లేదు మామయ్యా. నెలలో సగం రోజులకు పైగా రక్తం పోతోంది, గడ్డలుగా పడుతోంది. పొంగల్ నుంచీ ఇంతే. సంతకి వెళ్లినప్పుడు ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మకి చూపించాను. కనురెప్ప లాగి చూసి, "ఒంట్లో రక్తమే లేదు పిల్లా, పాళయంకోట్టై పెద్దాసుపత్రికి వెంటనే వెళ్లు, లోపల ఏముందో చూడాలి" అంది.

ఇంట్లో చెప్పలేదు. ఆయనతో నీరసం అంటే టానిక్ సీసా తెచ్చారు. మంచి మనిషే, లారీ మీద ఉంటారు, ఆయనకేం తెలుస్తుంది. నేను ఆసుపత్రికి పోతే పొయ్యి దగ్గర అత్త ఒక్కతే. కాలం మధ్యలో పొయ్యి ఆరితే ఏడాదంతా ఇంటికి కష్టం. ఆడి పోనిచ్చి వెళ్తాను. ఇంటి కోసం ఓర్చుకోవడం మన రక్తంలోనే ఉందిగా. మీరూ అదే రాశారు.

ఇదేదీ జవాబులో రాయకండి. తంగదురై చదువుతాడు.

సెల్లక్కని

~

మదురై,
1983 జూన్ 9
(కార్డు)

చిరంజీవి సెల్లక్కనికి.
నీ లేఖ అందినది. విషయము తెలిసినది. తొందరపడవలదు. మిగిలిన సంగతులు నేను వచ్చిన పిమ్మట మాటలాడుకొనవచ్చును.
ఇట్లు, వెయిలుముత్తు.

~

ఉడన్‌కుడి,
1983 జూన్ 20

మామయ్యకి,

కార్డు అందింది. చేతిరాత మీది కాదు, భాష మీది కాదు. ఎవరో గుమస్తా చేత రాయించారు. ఆడదాని లోపలి సంగతి రాశానని చెయ్యి తగలనివ్వకూడదనుకున్నారేమో. పోనీలెండి. మీకు రాసి ఉండకూడదు. తొందరపడవద్దన్నారు, తొందరపడను.

మొన్న పాకం దించే వేళకి కళ్లు చీకట్లు కమ్మి పెనం పక్కనే కూలబడ్డాను. చెయ్యి కొంచెం కాలింది. అత్త పరుగున వచ్చి నన్ను గోడకి ఆనించింది. మజ్జిగ తాగించింది. "కాసేపు కూర్చుంటే పోతుంది. నాకూ ఇలాగే ఉండేది" అంది. అని గోడ మీది కాగితం వైపు చూసింది. నేనూ చూశాను. లేచి గరిటె పట్టుకున్నాను. కూర్చుంటే నిజంగానే పోయింది మామయ్యా, మళ్లీ సాయంత్రం వచ్చింది.

ఆచ్చి అయితే ఇంత కూడా రాసేది కాదు. కంటిని జాగ్రత్తగా చూసుకోండి.

సెల్లక్కని

~

శివకాశి,
1983 జూలై 5

తంగదురై తమ్ముడూ,

ఇది సెల్లక్కని పేరున వచ్చినా ముందు నీతోనే మాట్లాడుతున్నాను. నువ్వు బాగా చదువుతావట. ఈ ఉత్తరం వాకిట్లో మీ అమ్మ ఉన్నప్పుడు, ఆవిడకి పొయ్యి దగ్గర చప్పుడు లేనప్పుడు, మొదట్నుంచి చివరిదాకా చదువు. మధ్యలో ఆపకు. మంచినీళ్లు పక్కన పెట్టుకో, ముసలాడి ఉత్తరం, పొడుగ్గా ఉంటుంది.

సెల్లక్కనీ, ముందు ఆ కార్డు సంగతి. అది రాసింది నేను కాదమ్మా. నీ ఉత్తరం అందిన మర్నాడే నన్ను మదురై కంటి ఆసుపత్రిలో పడుకోబెట్టి రెండు కళ్లకీ కట్టు కట్టారు. తల కదిపితే చూపు పోతుందన్నారు. బస్సెక్కి నీ దగ్గరికి వస్తానంటే డాక్టరు కొట్టినంత పని చేశాడు. పక్కమంచం మీద కోర్టులో దస్తావేజులు రాసి రిటైరైన పెద్దాయన ఉన్నాడు, ఆయన్ని రాయమన్నాను. నేను చెప్పింది ఇది: "తల్లీ, బెంగతో తొందరపడి ఏమీ మనసులో పెట్టుకోకు, కానీ నా కోసం ఆగకు, నిన్ను వెళ్లమన్న చోటికి వెంటనే వెళ్లు, మిగతాది నేను వచ్చాక మాట్లాడుకుందాం." ఆయన కార్డులో చోటు చాలదని కుదించాడు. ఏం మిగిలిందో నీకు తెలుసు. కట్టు విప్పించుకుని నిన్న ఇంటికొచ్చాక, ఆ కార్డుకి నువ్వు రాసిన జవాబు చూసుకుని తల బాదుకున్నాను. కంటికి మంచిది కాదన్నారు, అయినా బాదుకున్నాను.

వియ్యపురాలా, చెల్లెమ్మా, పేచ్చియమ్మాళ్‌గారూ, మీకు ఓ కథ చెప్పాలి. మీ పొయ్యి పైన అతికించుకున్న మాట మా అమ్మది. నిజమే. అయితే మా అమ్మ దాన్ని ఎక్కడ అందో మీకెవరూ చెప్పలేదు. మా సెల్లక్కనికి కూడా నేను చెప్పలేదు. "ఇంకోసారి" అంటూ వాయిదా వేశాను.

మా అమ్మకి సుడలి అని ఓ అక్క. మీ ఊరికి అట్టే దూరం కాదు, తేరి అనే ఎర్ర ఇసుక దిబ్బల పక్కన వాళ్ల ఇల్లు. తాటిబెల్లం వండే ఇల్లే. మా పెద్దమ్మ పాకం చూసిందంటే వేలితో తీగ లాగక్కర్లేదు, వాసనతో చెప్పేది. నవ్వితే ఊరవతలికి వినపడేది. నా చిన్నప్పుడు నాకు బెల్లం పెట్టి, "మీ అమ్మకి చెప్పకు" అని, తర్వాత తనే చెప్పేసేది. 

ఓ ఏడు కాలం మంచి ముమ్మరంగా ఉండగా మట్ట ముల్లు ఆమె పాదంలో దిగింది. పసుపూ సున్నమూ పెట్టి గుడ్డ కట్టుకుంది. కాలు వాచింది. వాళ్ల ఇంట్లోవాళ్లు చెడ్డవాళ్లు కాదు చెల్లెమ్మా. మా పెదనాన్న బండి కడతానన్నాడు, తిరుచెందూర్ తీసుకెళ్తానన్నాడు. పెద్దమ్మే వద్దంది. "ఇప్పుడా? నీరు పొంగుతోంటే? ఆడి పోనీ" అంది. వాళ్లత్త కూడా, "ఓర్చుకుంటుందిలే, మా కోడలు గట్టిది" అంది. మెచ్చుకుంటూనే అంది. ఆ మెప్పు కోసం మా పెద్దమ్మ కుంటుతూ పెనం చుట్టూ తిరిగింది. జ్వరం వచ్చాక కూడా తిరిగింది. దవడలు బిగుసుకున్నాక ఇక తిరగలేదు. ఆడి ఆమె చూడలేదు.

మేం వెళ్లేసరికి వాకిలి నిండా జనం. వచ్చిన ప్రతి ఆడమనిషీ మెచ్చుకోవడమే. "ఏం ఓర్పమ్మా! ముల్లు గుచ్చుకుంటే కిక్కురుమనలేదు. ఇలాంటిది ఒక్కతి ఉంటే చాలు, ఇల్లు నిలబడుతుంది." మా అమ్మ ఏడవలేదు. గుమ్మం పట్టుకుని నిలబడి, వాళ్ల మాట వాళ్లకే తిప్పి కొట్టింది. గొంతు చించుకుని అంది. నేను ఆమె కొంగు పక్కనే ఉన్నాను, ప్రతి అక్షరం విన్నాను:

"అవునే! ఓర్చుకున్నదాని ఇల్లు నిలబడుతుంది. ఓర్చుకున్నదే పడిపోతుంది. చూసుకోండి, గోడలన్నీ ఉన్నాయి. మా అక్క ఏదే?"

ఇదీ మాట. ఇంత కోపంగా పుట్టింది. ఆ తర్వాత మా అమ్మ జన్మలో ఎవర్నీ "ఓర్చుకో" అనలేదు. నాకు జలుబు చేసినా డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్లేది. ఆమె ఓర్పుగల మనిషని సెల్లక్కని అనుకుంటోంది. మా నాన్నని అడిగితే చెప్పేవాడు ఆమె ఓర్పు సంగతి! పప్పులో ఉప్పు తక్కువైందంటే, "నాలిక మీదుంది వేసుకో" అనేది.

నేను ఆ మాట పూర్తిగానే ప్రెస్సుకిచ్చాను. గోమతినాయగం అన్న ఎర్ర పెన్సిలు తీసి, "పడిపోతుందా? శుక్రవారం పూటా?" అని రెండో సగం కొట్టేశాడు. "అన్నా, అది తీసేస్తే ఇది మా అమ్మ మాట కాదు" అని పోట్లాడాను. "మరెవరిది?" అన్నాడు. "ఆ వాకిట్లో మెచ్చుకున్నవాళ్లది" అన్నాను. "అయితే మీ అమ్మ పేరు తీసేసి పెద్దల మాట అని వేద్దాం" అన్నాడు. వేశాడు. అది వేసిన రోజు బేరాలు బాగా జరిగాయట.

చెల్లెమ్మా, మీ గోడ మీది కాగితం తీసెయ్యమని నేను చెప్పను. మీ గోడ, మీ గంజి. మీరు దాన్ని చూస్తూ ఎన్ని కాలాలు వండారో నాకు తెలీదు. నేను అడిగేది ఒకటే. ఇవాళ కోడల్ని వెలుగులోకి తీసుకొచ్చి, కింది రెప్ప లాగి, ఓసారి మీ కళ్లతో చూడండి. ఏం కనపడిందో దాని ప్రకారం చెయ్యండి. నాకు ఆడపిల్లలు లేరు. ఉన్నది ఇది ఒక్కతే.

తమ్ముడూ తంగదురై, అయిపోయింది. నీళ్లు తాగు.

వెయిలుముత్తు

~

పాళయంకోట్టై,
1983 జూలై 19

మామయ్యా,

మీ ఉత్తరం వచ్చిన రోజు పెనంలో నీరు సగం మరిగింది. తంగదురై అప్పుడే మొదలుపెట్టాడు. మీరు చప్పుడు లేనప్పుడు చదవమన్నారు, ఆ ముక్క చదివేసరికే ఆలస్యమైంది. అత్త కలుపుతూనే వింది. కార్డు కథ దగ్గర నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మిమ్మల్ని అనుమానించాను, క్షమించండి. సుడలి పెద్దాచ్చి నవ్వు దగ్గర అత్త కూడా నవ్వింది. ముల్లు దగ్గర గరిటె నెమ్మదించింది. "మెచ్చుకుంటూనే అంది" అన్న దగ్గర ఆగిపోయింది. తంగదురై గొంతు రేడియో గొంతు కాకుండా పోయింది. చివరికొచ్చేసరికి నేను విన్నది వాడి గొంతే, మామూలు పిల్లాడి గొంతు.

అత్త నా దగ్గరికి వచ్చింది. చెయ్యి పట్టుకుని ఎండలోకి లాక్కెళ్లింది. రెప్ప లాగి చూసింది. చాలాసేపు చూసింది. "ఎన్నాళ్లయిందే?" అంది. "పొంగల్ నుంచి" అన్నాను. "నాకెందుకు చెప్పలేదు?" అంది. నేను పొయ్యి పైన గోడ వైపు చూశాను. ఆవిడా అటే చూసింది. ఇక అడగలేదు.

పొయ్యిలో మట్టలు బయటికి లాగేసి నీళ్లు పోసింది. సగం మరిగిన పాకం మామయ్యా! మామగారు "ఏయ్, ఏయ్, అంతా పులిసిపోతుంది!" అని లేచారు. అత్త, "పులవనివ్వండి. ఈ ఇల్లు ఎలా నిలబడుతుందో ఓ నాలుగు రోజులు మీరు చూసుకోండి. చీర మార్చుకో సెల్లక్కనీ, బస్సు పోతుంది" అంది. ఆవిడ నన్ను పేరు పెట్టి పిలవడం అరుదు, ఎప్పుడూ "ఏమే" అనే.

ఇక్కడ మంచం ఇచ్చారు. లోపల గడ్డ ఉందట. చెడ్డ గడ్డ కాదనే అనిపిస్తోందంది డాక్టరమ్మ, తీశాక పరీక్షకి పంపుతారు. ముందు రక్తం ఎక్కించాలి. ఆయన లారీ దిగి సరాసరి వచ్చారు. రక్తం ఇస్తానని చొక్కా చెయ్యి మడిచి, సూది చూసి పడిపోయారు. లేపి మళ్లీ పడుకోబెట్టి తీశారు. ఇప్పుడు ఆయన రక్తమే నాలోకి వెళ్తోంది. "ఇక నీకు కూడా సూదంటే భయం పట్టుకుంటుంది చూడు" అని నర్సు వేళాకోళం చేస్తోంది. పిల్లల మాట అడిగాను. "ముందు నువ్వు ఉండు. మిగతావి ఆ తర్వాత" అంది డాక్టరమ్మ. ఆడి పోయేదాకా ఆగి ఉంటే ఏమయ్యేదని కూడా అడిగాను. డాక్టరమ్మ దుప్పటి సరిచేసి వెళ్లిపోయింది.

ఆపరేషన్ వచ్చే వారం. మీ కన్ను బాగా కుదిరాకే రండి. నాకు తోడుగా అత్త ఉంది, వార్డంతా ఆవిడదే రాజ్యం. పక్కమంచం పిల్లకి కూడా తనే గంజి తాగిస్తోంది.

ఇవాళ పొద్దున మాత్రం ఒకటి జరిగింది. మా వార్డు ఎదురుగానే చీట్లు రాసే కిటికీ. నాకు మందులు తేవడానికి వెళ్లిన అత్త ఎంతకీ రాలేదు. గోడ పట్టుకుని వెళ్లి చూద్దును కదా, వరసలో నిలబడి ఉంది. కిటికీ లోపలి మనిషి, "కోడలి చీటీ నిన్ననే రాశాం కదా ఆచ్చీ, మళ్లీ ఎవరికి?" అంటున్నాడు. అత్త ఇటూ అటూ చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నాకే అయ్యా" అంది. "ఏం బాధ?" అన్నాడు. "పాతది. డాక్టరమ్మతోనే చెప్తాను."

బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం. ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని, బడికి మొదటిసారి వచ్చిన పిల్లలా కూర్చుంది. తలుపు తీసి నర్సు పిలిచింది, "పేచ్చియమ్మాళ్!" అత్త కదల్లేదు. ఇంకోసారి పిలిచింది. ఆ పేరుతో ఆవిణ్ణి పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదనుకుంటాను, మీ ఉత్తరంలో తప్ప.

"అత్తా, మిమ్మల్నే" అన్నాను.

లోపలికి వెళ్లింది. ఇంకా రాలేదు. తలుపు బయట కూర్చుని ఇది రాస్తున్నాను.

సెల్లక్కని